నలుగురి ముందర

పెద్దక్క పోయిందని ఫోను వచ్చినప్పుడు మేం ఆమె నడక గురించి వాదించుకుంటున్నాం. నడిచేటప్పుడు ఆమె ఎడమ భుజం ముందుకు వచ్చేదని నేను, కాదు కుడి భుజమని సెల్వి. సెల్వి ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్ల, ఇప్పుడు మంచి నటి. మేం తయారు చేస్తున్న నాటకంలో పెద్దక్క వేషం తనదే. కోయంబత్తూరులో నేను నాటకం నేర్పే బడి మేడమీది హాల్లో తను అటూ ఇటూ నడుస్తోంది, నేను గోడకు ఆనుకుని "ఇంకా కోపంగా నడువు" అంటున్నాను.

ఫోనులో పెద్దక్క చెల్లెలు. "టీచరమ్మా, అక్క పాయె," అంది. "టీ ఆరనీ అని పక్కన పెట్టుకుని కూచోనుండె. అట్లే పాయె." అంతే, పెట్టేసింది.

ఆ మాట సెల్వికి చెప్పాను. తను ఉన్నచోటే ఆగిపోయింది. ఒక భుజం ముందుకు, తల కొంచెం వంగి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే నిలబడింది. ఆ నిలబడటం చూసి నాకు ముందు కలిగింది దుఃఖం కాదు. "ఇదీ! ఇలాగే ఉండాలి" అనుకున్నాను. ఆ తర్వాతే ఏడుపొచ్చింది. ఆ రెంటి మధ్యా ఉన్న ఆ కాస్త ఎడం నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వదు.

కోయంబత్తూరులోనే ఉన్న వాళ్ళ వీధి మొత్తానికి ఆమె పెద్దక్క, చెల్లెలు చిన్నక్క. వాళ్ళకంటే పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచేవారు. నేనూ అలాగే పిలిచాను, అలాగే రాస్తాను.

పెద్దక్క తిరుప్పూరులో ఒక బనియన్ కంపెనీలో లైన్ సూపర్‌వైజర్. పొద్దున్నే కంపెనీ వ్యాను ఎక్కి పోయి, చీకటి పడ్డాక దిగేది. నడుముకు తాడు కట్టి ఒక చిన్న కత్తెర వేలాడుతూ ఉండేది. మనతో మాట్లాడుతుండగానే ఆమె చూపు మన భుజం మీదికో, చేతి అంచు మీదికో పోయేది. ఎక్కడో ఒక దారప్పోగు లేచి ఉంటుంది. మాట ఆపకుండానే దాన్ని కత్తిరించి, వేళ్ళ మధ్య ఉండచుట్టి పారేసేది. చర్చి ఫాదరు అంగీకి కూడా ఆమె దారం తీసింది, అదీ ఆయన ప్రార్థన చెబుతుండగా. ఆమెను చూడబోయే ముందు వీధిలో పిల్లలు ఒకరి చొక్కాలు ఒకరు చూసుకునేవారు.

వేడి టీ ఆమె తాగగా ఎవరూ చూడలేదు. మొహానికి పౌడరు మాత్రం దండిగా ఉండాలి. ప్రతి క్రిస్మస్‌కీ స్టూడియోకి పోయి ఒక ఫోటో తీయించుకునేది, ఏ సీరియల్ వాళ్ళయినా అడిగితే ఇవ్వడానికని. ఎవరూ అడగలేదు. "అడగతారు. వాళ్ళకి ఇంకా దారి తెలీలా," అనేది. మామూలుగా తెలుగు మాట్లాడేది, కోపం వస్తే తమిళంలోకి దిగేది, కోపం మరీ ముదిరితే కంపెనీ ఇంగ్లీషు. నాటకానికి తాలీము చేయించేటప్పుడు ఎవడైనా సరిగ్గా చెయ్యకపోతే చెయ్యి పైకెత్తి "రిజెక్టు!" అని అరిచేది. బాగా చేస్తే "పాసు" అనేది, అది మాత్రం చాలా మెల్లగా, చెయ్యబోయే అప్పు గురించి చెప్పినట్టు.

ఆమె నాటకాన్ని నేను మొదటిసారి చూసింది మా బడిలో ఆటల మాస్టారి వల్ల. ఆయనది ఆ వీధే. "టీచర్, మా వీధిలో క్రిస్మస్ అయినాక నాటకం ఏస్తారు, తెలుగు నాటకం. మీరు చూడాల," అని తీసుకెళ్ళాడు. నేను మదురైలో పుట్టి పెరిగినదాన్ని. మాది పొలాలున్న తెలుగు ఇల్లు, తర్వాత మా నాన్న మోటారు పంపుల వ్యాపారంలోకి దిగాడు. చదివిందంతా తమిళంలో. తెలుగు మా ఇంటి నాలుగు గోడల మధ్య మాట్లాడుకునేది. పారిశుద్ధ్యపు పనివాళ్ళు, ఆసుపత్రి ఆయాలు, ఆటో డ్రైవర్లు ఉండే ఆ వీధిలో కూడా మా ఇంటి "యాల", "యాడ", "కూచోనుండాది" అన్న మాటలే వినిపిస్తాయని ఆ రోజు దాకా నాకెవరూ చెప్పలేదు.

చిన్న చర్చి ముందు పందిరి. సగం వీధి చర్చికి పోయేవాళ్ళు, సగం మారియమ్మ గుడికి పోయేవాళ్ళు, కుర్చీలు మాత్రం అందరివీ. కథ ఒక చెల్లెలిది. ఒక చిన్నపిల్ల మెడలో తుండుగుడ్డ వేసుకుని, పుస్తకాల సంచీతో వచ్చింది. ఆమే చెల్లెలు. కాసేపటికి ఆ తుండుగుడ్డ తీసి ఒక ఆటో డ్రైవరు మెడలో వేసింది. ఇంక అతనే చెల్లెలు. బుర్రమీసాలు, ఖాకీ చొక్కా. ఎవరూ నవ్వలేదు. అతను పుస్తకాల సంచీని అటకమీద దాచడానికి మునివేళ్ళ మీద నిలబడినప్పుడు నా పక్కనున్న ముసలావిడ "పావం, పావం" అంటూ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత తుండుగుడ్డ ఒక ఆయమ్మకు వెళ్ళింది, తర్వాత ఒక ముసలాయనకు. ఒకరు మొదలుపెట్టిన కదలికను ఇంకొకరు అక్కణ్ణించి అందుకునేవాళ్ళు.

ఇదెక్కడ నేర్చుకున్నారని తర్వాత నేనడిగితే పెద్దక్క నన్ను వింతగా చూసింది. "కంపెనీలో ఇంకేం చేస్తాము? ఒకరు కాలర్, ఒకరు చెయ్యి, ఒకరు అంచు. పీసు నీ చేతిలో ఉండేదాకా నీది. దాటినాక నీది కాదు. మిషను మీద ఒక్కతే కూచోని చొక్కా అంతా కుట్టేస్తానంటే లైను నిలిచిపోతాది."

ఒక్క వేషం మాత్రం చేతులు మారేది కాదు. అక్క వేషం. అది మొదటినించి చివరిదాకా పెద్దక్కే వేసేది. చివర్లో ఆమె పందిరి ముందుకు వచ్చి, జనంలో కూర్చున్న చిన్నక్క వైపు తిరిగి, "నీ బడి నేను తినేసినా చెల్లీ. నన్ను మన్నించు" అనేది. అందరూ వెనక్కి తిరిగి చిన్నక్కను చూసేవారు. ఎవరిదో బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఆమె తల ఊపేది. వెంటనే డప్పులు, ఆ తర్వాత బిర్యానీ. ఆ తల ఊపడం చూసి ఆ రోజు నేను కళ్ళు తుడుచుకున్నాను. ఆ తర్వాత ఏటా వెళ్ళి ఏటా తుడుచుకున్నాను.

ఆ కథ నిజమేనని పెద్దక్కే చెప్పింది, ఏమీ దాచకుండా. ఆమె నాటకం, ఆమె పద్ధతి తీసుకుని మేం ఒక కొత్త నాటకం కట్టుకోవచ్చా అని అడగడానికి వాళ్ళింటికి వెళ్ళిన రోజది. ఆమె గడపలో కూర్చుంది, పక్కన టీ ఆరుతోంది.

"మా నాయన పోయినాక ఇంట్లో మేమిద్దరమే టీచరమ్మా. నేను మిల్లులో చేస్తా ఉండా. అది తొమ్మిదో క్లాసు. ఇంగ్లీషులో గూడా ఫస్టు వస్తా ఉండె. అప్పుడు మదురై నించి ఒక నాటకం ఆయన వచ్చినాడు. మా వీధిలో నేను ఆడింది చూసినాడు. రామ్మా, మా కంపెనీలో వేషం ఇస్తానని చెప్పినాడు. నాకి తల తిరిగిపోయింది. మిల్లు వదిలేస్తే ఇంట్లో కూడు? చెల్లెలికి వయసు ఎక్కువ జేసి చెప్పి బనియన్ కంపెనీలో చేర్చేసినా. ఒక ఏడాదే, మళ్ళా బడికి పోదువని చెప్పినా."

"ఆమె ఏమంది?"

"ఏమంటాది? చెల్లెలు గదా."

మదురైలో ఆమెకు దక్కినవి హాస్యగత్తె పక్కన నిలబడే వేషాలు. ఆమె తమిళంలో తెలుగు యాస ఉందని హార్మోనియం వాయించే ఆయన ఎగతాళి చేసేవాడు. ఏడాది తిరిగాక వచ్చేసింది. "వచ్చి చూస్తే ఇది ఓవర్‌లాక్ మిషను మీద కూచోని, చెయ్యి చూడకుండా కుడతా ఉండాది. బడికి పోదాం రా అంటే, వద్దక్కా జీతం అలవాటైపోయింది అనింది. అబద్ధం. నాకి తెలుసు అబద్ధమని. అయినా సరే అంటిని." ఆమె నా మోచేతి దగ్గర ఒక దారం కత్తిరించింది. "నా నాటకం దాని బడిని మింగేసింది. అందుకే ఆ అక్క వేషం నేను ఎవురికీ ఇయ్యను. అది ఒక్కరే మొయ్యాల. మీరు గూడా అట్లే చెయ్యాల. చెల్లెలు వేషం ఎంతమంది చేతుల్లో అయినా పోనీ. అక్క మాత్రం ఒక్కతే."

ఒప్పుకున్నాను. మేం మాట్లాడుతున్నంతసేపూ చిన్నక్క వీధివైపు దండెం మీది బట్టలు తీస్తూ ఉంది. మా మాటలు ఆమెకు వినబడుతూనే ఉన్నాయి. నేను బయల్దేరేటప్పుడు ఆమెతో "వెళ్ళొస్తా" అన్నాను. ఇంకేమీ అనలేదు. కథ పెద్దక్కది అనుకున్నాను, అడగాల్సింది ఆమెనొక్కదాన్నే అనుకున్నాను.

సెల్వితో కలిపి నలుగురు పిల్లలతో తాలీము మొదలుపెట్టాం. పెద్దక్క నాటకం తెలుగులో ఉంది గానీ రాసింది తమిళ అక్షరాల్లో. వాళ్ళ వీధిలో తెలుగు లిపి ఎవరికీ రాదు. తమిళంలో కకూ గకూ ఒకటే అక్షరం కాబట్టి చదివేవాళ్ళే తేల్చుకోవాలి. చెల్లెలు బడికి ఆలస్యమయ్యే ఘట్టంలో "సైకిల్ కాలిపోయింది" అని చదివాడు మావాడొకడు. మేం ఉత్సాహపడిపోయాం. ఎర్ర గుడ్డలు తెచ్చాం, కాలుతున్న సైకిల్ చుట్టూ నలుగురూ తిరిగే ఘట్టం ఒకటి కట్టాం. అక్క మనసులోని మంట అది అని నేను వాళ్ళకు పాఠం కూడా చెప్పాను.

ఒక ఆదివారం పెద్దక్క చూడటానికి వచ్చింది. పట్టుచీర, పౌడరు, నడుముకు కత్తెర. అంతా చూసి, "ఎవురు తగలబెట్టినారు నా సైకిల్‌ని?" అంది.

"నాటకంలో ఉంది కదా పెద్దక్కా, కాలిపోయిందని."

"గాలి పోయింది! సైకిల్‌లో గాలి పోయింది! పంచరు!" అని ఆమె నవ్వడం మొదలుపెట్టి, నేలమీద కూర్చుండిపోయి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. పౌడరు చారలు కట్టింది. మేం తలలు దించుకున్నాం. నవ్వు ఆగాక ఆమె సెల్వి భుజం తట్టి, "కాలనీలే అమ్మణీ. పంచరు కంటే బాగుండాది. అట్లే పెట్టుకోండి," అంది. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, చాలా మెల్లగా, "పాసు" అంది. బతికుండగా మేం ఆమెను ఆఖరిసారి చూడటం అదే.

సమాధుల తోటలో పెట్టె మూత వెయ్యబోతుంటే చిన్నక్క అడ్డం పడింది. ఫాదరు గడియారం చూసుకుంటున్నాడు. "ఆగండయ్యా. ఆమె ఎవురి ముందర నిలబడినా పౌడరు లేకుండా నిలబడిందా?" అని, డబ్బా తీసి అక్క మొహానికి పౌడరు అద్దింది, తొందరేమీ లేనట్టు, చెవుల వెనక కూడా. అందరూ ఏడుస్తున్నారు. ఏడవనిది ఆమె ఒక్కతే. ఆమె వేళ్ళు ఎలా కదులుతున్నాయో నేను గమనిస్తున్నాను. నా పక్కన సెల్వి కూడా గమనిస్తోంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని మొహాలు తిప్పుకున్నాం.

మదురైలో నాటకోత్సవానికి మమ్మల్ని పిలిచి ఉన్నారు. కొన్నాళ్ళు ఆగి తాలీము మళ్ళీ మొదలుపెట్టాం. పిల్లల్లో ఒకడు సెల్వి చివరి మాటలు చెప్పే ఘట్టాన్ని సెల్‌లో తీసి, "చెల్లెలి చదువు మింగిన అక్క, నిజంగా జరిగిన కథ" అని తమిళంలో రాసి అందరికీ పంపాడు. నాకు చూపించే పంపాడు. బాగుంది అన్నాను.

ఆ తర్వాతి ఆదివారం చిన్నక్క హాలు గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ కనబడింది.

"కంపెనీలో ఒక పిల్ల సెల్‌లో చూపించింది టీచరమ్మా. ఇది మీ అక్క కతేనా అని అడిగింది. లైనంతా చూసినారు." గొంతులో కోపమేమీ లేదు. "మొత్తం చూపించండి. చూస్తాను."

ఆమెకొక్కదానికే నాటకం అంతా ఆడాం. కుర్చీలో నిటారుగా, సంచీ ఒళ్ళో పెట్టుకుని చూసింది. సైకిల్ కాలినప్పుడు కొంచెం నవ్వింది. చివర్లో సెల్వి ముందుకు వచ్చి, ఆమె కళ్ళలోకి చూస్తూ, "నీ బడి నేను తినేసినా చెల్లీ. నన్ను మన్నించు," అంది. చెప్పకుండానే మేమందరం చిన్నక్క వైపు తిరిగాం. ఆ మాట అయ్యాక అటు తిరగడం అలవాటైపోయిన వీధి మనుషుల్లాగే తిరిగాం.

ఆమె తల ఊపలేదు.

"ఇట్ల చూడొద్దండి," అంది. కాసేపు సంచీ పట్టీని మెలిపెట్టింది. "ఏటేటా ఇదే. పండగ రాకుంటే బాగుండు అనుకుందును. ఆమె ఆడ నిలబడి అడగతాది, వీధంతా తిరిగి నన్ను చూస్తాది. పిల్లోళ్ళు, ముసిలోళ్ళు, అందురూ ఏడస్తా ఉంటారు. నేనేం చెయ్యాల? లేదు అని చెప్పేదానికి అయితాదా? తల ఊపితే బిర్యానీ. ఊపకపోతే నేను రాక్షసిని."

"ఇంట్లో ఎప్పుడూ అడగలేదా అక్కా?" అంది సెల్వి.

"ఇంట్లోనా? ఇంట్లో పులుసులో ఉప్పు లేదని నా మీద అరస్తా ఉండె." ఆమె ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. "నలుగురి ముందర అడిగితే అది అడిగేది కాదు అమ్మణీ, పెరుక్కునేది. నా బడి ఒక తూరి పెరుక్కునింది. నా కోపాన్ని ఏటేటా పెరుక్కునింది. ఒక్క రోజన్నా దాన్ని నా దగ్గర ఉంచుకోనియ్యలా."

మీరు వద్దంటే నాటకం ఆపేస్తామని నేనన్నాను. ఆ మాట కూడా నలుగురి ముందరే అన్నానని నాకప్పుడు తెలియలేదు.

"ఆపమని నేను చెప్పినానా? నాటకం బాగుండాది. ఆమె గూడా బాగా చేస్తా ఉండె. అదే గదా కష్టం." ఆమె లేచి, సంచీ కుర్చీలో పెట్టి, సెల్వి దగ్గరికి వెళ్ళింది. "ఆ అక్క వేషం ఇట్లియ్యి."

"పెద్దక్క అది మార్చకూడదన్నారు," అన్నాడు మావాడొకడు.

"అన్నింది. చేతిలో ఉండేదాకా ఆమెది. ఇప్పుడు ఆమె చేతిలో లేదు గదా."

సెల్వి పక్కకు తప్పుకుంది. చిన్నక్క హాలు మధ్యకు వచ్చి, గుమ్మం ఎటుందో ఒకసారి చూసుకుని, నడిచింది. ఎడమ భుజమూ కాదు, కుడి భుజమూ కాదు. ఇరుకు చెప్పులు వేసుకున్న మనిషిలాగా, ప్రతి అడుగూ నేలను అడిగి వేస్తున్నట్టు నడిచింది. మేం ఎన్నాళ్ళో వెతికిన నడక అది. ఆ భుజం కదిలేది కాలినొప్పి వల్ల. అక్కడ లేని ఒక తలుపు ముందు ఆమె ఆగింది. చేతిలో లేని పెట్టెను కింద పెట్టింది. నిలబడింది. చాలాసేపు నిలబడింది. తలుపు కొట్టడానికి చెయ్యెత్తి దించేసింది. మొహం తుడుచుకుంది. ఎక్కణ్ణించో డబ్బా తీసి పౌడరు వేసుకుంది, చెవుల వెనక కూడా. తర్వాత ఒక నవ్వు వేసుకుంది. అది సరిపోలేదు. తీసేసి ఇంకొకటి వేసుకుంది. అప్పుడు తలుపు కొట్టింది.

"మదురై నించి తిరిగొచ్చిన రోజు," అంది చిన్నక్క, తన గొంతుతోనే. "నాకి జొరం, ఆ పొద్దు పనికి పోలా. కిటికీ సందులోనించి చూసినా. లోపలికి వచ్చి పకపకా నవ్వి, మదురై మల్లెపూలు తెచ్చినానే అనింది. నేను చూసినానని ఆమెకి కడదాకా తెలీదు. ఆ పొద్దు ఆ వాకిట్లో ఆమె నన్ను ఏమన్నా అడిగింటే, నేను ఏమో చెప్పిందును. ఏం చెప్పిందునో నాకే తెలీదు. ఆమె అడగలా. నవ్వు ఏసుకునేసింది."

సెల్వి ఏడుస్తోంది. నేనూ ఏడుస్తున్నాను. చిన్నక్క మా ఇద్దరినీ చూసి, "మీరు ఏడిస్తే ఎట్ల? చేసి చూపించండి," అని సంచీ తీసుకుంది.

ఆ ఘట్టం మా నాటకానికి చివరి ఘట్టమైంది. మన్నించమనే మాట తీసేశాం. అక్క వేషం నలుగురి చేతులూ మారి, ఆఖరికి వాకిట్లో నలుగురూ వరసగా నిలబడి, ఒకరి తర్వాత ఒకరు నవ్వు వేసుకుంటారు. ఎవరూ తలుపు కొట్టరు. చిన్నక్క పెట్టిన షరతు ఒక్కటే. నిజకథ అని ఎక్కడా చెప్పకూడదు, వాళ్ళ పేర్లు ఎక్కడా రాకూడదు. ఆ సెల్ వీడియో తీయించేశాం. తీసేసినా అది ఇంకా ఎక్కడెక్కడో తిరుగుతూనే ఉందని నాకు తెలుసు.

మదురైకి ఆమె మాతో వచ్చింది. ముందు వరసలో కుర్చీ వేయించాను. కూర్చోలేదు, వెనక తలుపు పక్కన నిలబడి చూసింది. నాటకం అయ్యాక చప్పట్లు. చూసినవాళ్ళతో మాట్లాడే సమయంలో ఒకాయన మైకు తీసుకున్నాడు. "ఇంత నిజంగా ఉంది, ఇది ఎవరి జీవితమో అయి ఉండాలి. ఆ చెల్లెలు ఈ హాల్లో ఉన్నారా? ఉంటే మేం లేచి నిలబడి ఆమెకు నమస్కారం చేస్తాం," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. సగం మంది అప్పుడే లేవబోతున్నారు, అటూ ఇటూ తలలు తిరుగుతున్నాయి. వెనక తలుపు దగ్గర చిన్నక్క కదలకుండా నిలబడి ఉంది. నన్నే చూస్తోంది. నేను మైకు అందుకుని, "అలాంటి వారెవరూ లేరండీ. ఇది మేం కల్పించింది," అన్నాను. ఆయన నిరాశగా కూర్చున్నాడు. ఆ నాటకం మొత్తంలో నాది అన్న మాట అదొక్కటే, అది అబద్ధం.

మర్నాడు పొద్దున మదురై బస్టాండులో కోయంబత్తూరు బస్సు కోసం నిలబడ్డాం. పక్కన కూరల మార్కెట్టుకు మూటలు దిగుతున్నాయి, కండక్టర్లు ఊళ్ళ పేర్లు అరుస్తున్నారు. పిల్లలు టిఫిను తినడానికి వెళ్ళారు. చిన్నక్క, నేను బెంచీ మీద కూర్చున్నాం. ఇంక ఆగలేకపోయాను. "చిన్నక్కా, మిమ్మల్ని అడక్కుండా మీ కథ తీసుకున్నాను. ఆ రోజు మీరు పక్కనే ఉన్నారు, అయినా అడగలేదు. నేను..."

"టీచరమ్మా," అని ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసింది. చుట్టూ చూసింది. మూటల మీద కూర్చున్న ఆడవాళ్ళు, పల్లీలమ్మే ముసలాయన, పెట్టెలు మోసుకుని దాటిపోతున్న జనం. "ఈడ వద్దు. ఇంటికి రా."

వెంటనే వెళ్ళానని చెప్పలేను. బడి పనులన్నాను, పరీక్షలన్నాను. ఒకసారి గాంధీపురం బస్టాండు దాకా వెళ్ళి, వాళ్ళ వీధి వైపు పోయే బస్సు కళ్ళముందే వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడి, ఒక చీరల కొట్లోకి దూరి, ఏమీ కొనకుండా తిరిగొచ్చాను. ఒక ఆదివారం ఎవరికీ చెప్పకుండా వెళ్ళాను. ఆమె వంటింట్లో ఎండుచేపలు కడుగుతోంది. నేను గోడ దగ్గర పీట వేసుకుని కూర్చున్నాను. ఇంట్లో మూడో మనిషి లేరు. పొయ్యి మీద ఎసరు ఉడుకుతోంది.

అడిగాను. దారిపొడుగునా కూర్చుకున్న మాటలేవీ రాలేదు. నీ బతుకు తీసుకుని నేను చప్పట్లు కొట్టించుకున్నాను, నన్ను మన్నించగలవా, అని మాత్రం అన్నాను. జీవితంలో మొదటిసారి ఆమెను నువ్వు అన్నాను, ఆ సంగతి అన్నాక తెలిసింది.

చిన్నక్క చేపలు కడగడం ఆపింది. చేతులు తుడుచుకుని, నిజంగానే ఆలోచించింది. కిటికీ వైపు చూసింది, పొయ్యి వైపు చూసింది. ఆమె మొహంలో ఏం కదులుతోందో నాకు అర్థం కాలేదు. తొందరేమీ లేదు ఆమెకు. ఇంత నిదానంగా ఆలోచించుకునే వీలు ఆమెకు ఎప్పుడూ దొరికి ఉండదు.

"లేదు టీచరమ్మా," అంది. "అడిగినావు, బాగుండాది. అయితే నాకి కోపం ఇంకా పోలా. ఆమె మీద గూడా పోలా, నీ మీద గూడా పోలా. పోతే చెప్తాను."

సరేనన్నాను. లేవబోయాను.

"యాడికి?" అంది. "అన్నం అయిపోతాది. తిని పో."

కూర్చున్నాను. ఆమె చేపలు నూనెలో వేసింది, పొగ లేచింది. ఇద్దరికీ దగ్గొచ్చింది. ఆమె వడ్డించింది, నేను తిన్నాను.